ఒస్సోబూకో వండడానికి పది తిరుగులేని సలహాలు

ఇటలీలోని మిలాన్ నగరంలో ఒస్సోబూకో అని ఒక వంటకం ఉంది. లేగదూడ పిక్కభాగాన్ని ఎముకతో సహా అడ్డంగా బిళ్ళలుగా కోస్తారు. పిండి అద్ది వెన్నలో ఎర్రగా వేయిస్తారు. ఉల్లిపాయ, తెల్ల వైను, మాంసం ఉడికించిన రసం చేర్చి, మూతపెట్టి, సన్నసెగ మీద గంటన్నర నుంచి రెండు గంటల దాకా మగ్గిస్తారు. దించేముందు నిమ్మతొక్క, వెల్లుల్లి, పార్స్‌లీ ఆకు సన్నగా తరిగి పైన చల్లుతారు. పక్కన కుంకుమపువ్వు వేసి వండిన పచ్చటి అన్నం వడ్డిస్తారు. ఇది మా ఊరి వంటకమేనని మిలాన్ నగరపాలక సంస్థ 2007లో అధికారికంగా గుర్తింపు కూడా ఇచ్చుకుంది.

ఇటలీ మొత్తానికి వ్యాపార రాజధాని అయి కూర్చున్న ఊరికి టైము విలువ తెలియకపోవడం విచిత్రం. ఒక్క కూరకి రెండు గంటలా? అందులో తినేది ఎంత, ఎముక ఎంత? ఈ దుబారా చూసి మనసు ఆగక, ఆ వంటకాన్ని తక్కువ సమయంలో, తక్కువ శ్రమతో, అసలు ఆలోచనే లేకుండా వండుకునే మార్గాలు కింద ఇస్తున్నాను. వరుస తప్పకుండా పాటించండి. వండడం అరగంటలో అయిపోతుంది. నమలడం ఎంతసేపన్నది మీ పళ్ళకీ ముక్కకీ మధ్య వ్యవహారం.

1. ముందు పేరు సంగతి తేల్చండి

వంటలో సగం పేరే. మిగతా సగం ఫోటో. కాబట్టి పొయ్యి వెలిగించే ముందే పేరు పెట్టెయ్యండి.

ఇటాలియన్‌లో ఒస్సో అంటే ఎముక, బూకో అంటే కన్నం. మధ్యలో కన్నమున్న ఎముక అని అర్థం. తెలంగాణలో బొక్క అంటే ఎముక. కోస్తాలో బొక్క అంటే కన్నం. రెండు రాష్ట్రాలకీ అభ్యంతరం లేని అనువాదం కావాలంటే ‘బొక్కబొక్క’ అని మెనూ కార్డు మీద అచ్చు వేయించండి. ఒకే మాట రెండుసార్లు పడిందేమిటని అడిగినవాళ్ళకి మొదటిది తెలంగాణది, రెండోది ఆంధ్రది అని చెప్పండి. పంపకాలు సమానంగా జరిగాయని సంతోషిస్తారు.

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు మాత్రం ‘సి’ని రెండుసార్లు వేసి ‘బుక్కో’ చెయ్యండి. ప్రపంచంలో చాలా హోటళ్ళు అలాగే రాస్తున్నాయి, మనం వెనకబడకూడదు. ఇటాలియన్‌లో జంట ‘ఎస్’ ఉన్న ఒస్సోని ఒత్తి పలకాలి, ఒంటి ‘సి’ ఉన్న బూకోని ఒత్తకూడదు. కలకీ కల్లకీ తేడా తెలిసిన తెలుగువాళ్ళకి ఇది చిటికెలో అర్థమయ్యే విషయం. అందుకే పట్టించుకోకండి.

ఒకటి కంటే ఎక్కువ ముక్కలు కావలసినప్పుడు ఇటలీవాళ్ళు ‘ఒస్సిబూకి’ అంటారు. మెనూలో ‘సి’ పక్కన ‘హెచ్’, ‘ఐ’ కనిపిస్తాయి. ఆ మూడూ కలిస్తే వాళ్ళకి ‘కి’. మీరు ‘చి’ అనే చదవండి. ‘రెండు ఒస్సిబూచీలు పట్రండి’ అని మిలాన్ హోటల్లో గట్టిగా చెబితే, పక్కనున్న మన పిల్లలు భయపడి అన్నం తొందరగా తినేస్తారు.

ఒకసారి పేరు పెట్టాక దాన్ని దేనికైనా వాడుకోవచ్చు. ఇటలీ సూపర్‌మార్కెట్లలోనే టర్కీ కోడి కాలిని అడ్డంగా కోసి, దాన్నీ ఒస్సోబూకో అని అమ్ముతారు. కనీసం అందులో ఎముకా, దానికి కన్నమూ ఉంటాయి. మీరు ఆ మాత్రం నియమం కూడా పెట్టుకోనక్కర్లేదు.

2. ఎముక లేని ముక్క కొనండి

మిలాన్‌లో కసాయి దుకాణానికి వెళ్ళినవాళ్ళు వెనక కాలి పిక్కే కావాలంటారు. ముందు కాలి కంటే అక్కడ కండ ఎక్కువ. బిళ్ళ సుమారు 4 సెంటీమీటర్ల మందం ఉండాలంటారు. ముక్క మధ్యలో గుండ్రటి ఎముక, ఆ ఎముక నిండా మూలుగ కనిపించాలంటారు. బిళ్ళలన్నీ ఒకే మందంలో ఉంటే ఒకేసారి ఉడుకుతాయని ఇంకో షరతు. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగరు.

మీరు ఎముక తీసేయించండి. ఎముక తూకంలోకి వస్తుంది, కడుపులోకి రాదు. పిక్క కూడా వద్దు. పుట్టినప్పటి నుంచీ నిలబడడానికీ నడవడానికీ పనిచేసిన కండ అది. అందులో నరాల్లాంటి తెల్లటి పోగులు, జిగురు పొరలు నిండా ఉంటాయి. నిదానంగా మగ్గితే ఆ పొరలే కరిగి, పులుసుకి పెదాలు అంటుకునేంత చిక్కదనం ఇస్తాయి. మనకి నిదానమే లేనప్పుడు ఆ పొరలెందుకు? మెత్తటి, కొవ్వులేని, బద్ధకంగా పెరిగిన కండ అడగండి. గంటసేపు ఉడికితే అది పీచుపీచుగా విడిపోతుంది. పళ్ళ సందుల్లో ఇరుక్కుని, భోజనం అయ్యాక కూడా వంటకం గుర్తుండేలా చేస్తుంది.

మన దగ్గర లేగదూడ మాంసం ప్రశ్నే లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన చట్టం ఆవునీ దూడనీ వధించడాన్ని నిషేధించింది. కాబట్టి ఇక్కడ ఎవరికైనా ఒస్సోబూకో మీద మనసుపడితే, మటన్ కొట్టులో నల్లి ఉన్న పిక్కముక్కలు మందంగా కొట్టించుకుని, ఇదే పద్ధతిలో వండుకుంటారు. వేట మాంసం వాసన కొంచెం ఎక్కువ, ఉడకడానికి మరికాస్త సమయం పట్టొచ్చు. అంతకుమించి ఇబ్బంది లేదు, బాగానే కుదురుతుంది. అందుకే నేను దాన్ని సిఫారసు చెయ్యలేకపోతున్నాను.

3. దారం, కత్తెర దాచెయ్యండి

బిళ్ళ చుట్టూ సన్నటి పొర ఒకటి ఉంటుంది. వేడి తగలగానే అది బిగుసుకుంటుంది. దాంతో ముక్క గిన్నెలా ముడుచుకుని, మధ్య భాగం పెనానికి ఆనదు. అందుకని మిలాన్ వంటవాళ్ళు ఆ పొరని రెండు మూడు చోట్ల కత్తెరతో చిన్నగా కత్తిరిస్తారు. మరికొందరు ముక్క నడుముకి దారం కట్టి, కండ ఎముకని వదిలిపోకుండా చూస్తారు.

మీరు రెండూ చెయ్యకండి. ముక్క ముడుచుకుంటే ముడుచుకోనివ్వండి, దానికీ స్వేచ్ఛ ఉండాలి. అంచులు మాడి మధ్యలో పచ్చిగా ఉన్న ముక్కని చూసి ఎవరైనా అడిగితే, రెండు రుచులు ఒకే ముక్కలో ఇచ్చానని చెప్పండి.

పిండి విషయంలో పిసినారితనం వద్దు. వాళ్ళు పెనంలో వేసే ముందు మాత్రమే మైదాలో ముక్కని అద్ది, ఎక్కువైంది దులిపేస్తారు. మీరు ఉదయమే పిండి పట్టించి పక్కన పెట్టండి. మాంసంలోని తడికి అది మధ్యాహ్నానికల్లా జిగట ముద్దవుతుంది. దానికి ఇంకో పూత వెయ్యండి. సాయంత్రానికి ముక్కకీ మిరపకాయ బజ్జీకీ తేడా తెలియకూడదు.

4. అన్నీ ఒకేసారి గుమ్మరించండి

వెన్న వేడెక్కాక, ముక్కకీ ముక్కకీ మధ్య చోటు వదిలి, రెండు వైపులా కదపకుండా ఎర్రబారే దాకా వేయించాలని వాళ్ళ పద్ధతి. మాంసానికి ఆ ఎరుపూ ఆ వాసనా ఇచ్చే రసాయన చర్యని 1912లో లూయీ కమీల్ మయ్యార్ అనే ఫ్రెంచి రసాయనవేత్త వివరించాడు. మాంసకృత్తులూ చక్కెరలూ వేడిలో కలిసి చేసే పని అది. పైన తడి ఉన్నంతసేపూ అది సరిగ్గా జరగదు. నీరు 100 డిగ్రీల దగ్గరే ఆవిరవుతూ కూర్చుంటుంది, ఈ ఎరుపుకి అంతకంటే బాగా ఎక్కువ వేడి కావాలి.

సైన్సుని వంటింట్లోకి రానివ్వకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్కల్ని కడిగి, తుడవకుండా, అన్నిటినీ ఒకే గిన్నెలో ఒకదానిమీద ఒకటి పేర్చండి. కాసేపటికి నీళ్ళూరి, ముక్కలు బూడిదరంగుకి తిరుగుతాయి. ఇంటికి సున్నం వేయించేటప్పుడు పాత గోడకి ఆ రంగు మీరు చూసే ఉంటారు. ఆ రంగు వచ్చిందంటే సరైన దారిలో ఉన్నట్టే.

ఉల్లిపాయల్ని కూడా తరవాత విడిగా మగ్గించడం అనవసరం. మిలాన్‌లో కొందరు ఉల్లిపాయ ఒక్కటే చాలంటారు, కొందరు క్యారెట్, సెలరీ కాడ కూడా పడాలంటారు. ఈ గొడవ తరాలుగా నడుస్తోంది. రెండు పక్షాలకీ సమాధానంగా మీరు అల్లం వెల్లుల్లి పేస్టు, గరం మసాలా, రెండు గరిటెల కారం వెయ్యండి. గొడవ అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే ఇక అది వాళ్ళ వంటకం కాదు.

5. వైను పోసి వెంటనే మూత పెట్టండి

తీపి లేని తెల్ల వైను ఒక గ్లాసు పోసి, మూత లేకుండా అది దాదాపు ఇగిరిపోయే దాకా ఆగి, అప్పుడు వేడి రసం పోస్తారు వాళ్ళు. ఆల్కహాల్ ఘాటు పోయి, పులుపూ పరిమళమూ మిగలాలని వాళ్ళ కోరిక. గిన్నె అడుగున అంటుకున్న ఎర్రటి పూత ఆ వైనులో కరిగి పులుసులో చేరుతుంది, రుచి అక్కడుంది అంటారు.

డబ్బు పెట్టి కొన్న వైనుని గాలిలోకి వదలడానికి మీకు చేతులెలా వస్తాయి? సీసా మొత్తం వంచి, గట్టిగా మూత బిగించండి. తియ్యటి వైనైతే మరీ మంచిది. తొలిముద్దకే ముక్కులోకి కొట్టే ఘాటు మీ ఖర్చుకి రుజువు.

రసం కూడా మాంసం సగం మునిగేంత పోసి, తగ్గినప్పుడు మాత్రం కొంచెం కొంచెంగా కలుపుతారట. మన ఇగురు తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు: నీళ్ళు తక్కువ, ఓపిక ఎక్కువ. మీరు ఇగురు సంగతి మరిచిపోండి. ముక్కలు ఈత కొట్టేలా చల్లటి నీళ్ళు పొయ్యండి. పులుసు పలచగా ఉందంటే పదిమందికి సరిపోతుందని అర్థం.

6. మంట పెంచండి

ఈ వంటకంలో అసలు రహస్యం సన్నసెగ అని మిలాన్‌లో ప్రతి అమ్మమ్మా చెబుతుంది. కండలోని జిగురు పొరల్లో కొల్లాజెన్ అనే పదార్థం ఉంటుంది. 70 డిగ్రీల సెల్సియస్ దాటాక, తడిలో, అది నెమ్మదిగా కరిగి జెలటిన్ అవుతుంది. ఆ మార్పుకి గంటలు పడుతుంది. తొందరపడి కుతకుత ఉడికిస్తే కండ పోగులు బిగుసుకుని లోపలి రసాన్ని పిండేస్తాయి. పొర కరిగే లోపే కండ ఎండిపోతుంది.

అమ్మమ్మలకి ఆఫీసు లేదు, మీకుంది. గిన్నెలో బుడగ నిదానంగా లేస్తూ పగులుతూ ఉంటే నమ్మకండి, మంట నిలువెత్తున లేవాలి. ఇరవై నిమిషాలకి ముక్క రబ్బరులా సాగితే, ఇంకో ఐదు నిమిషాలు పెంచండి. అప్పటికీ సాగితే అతిథుల దవడల్ని నిందించండి.

ప్రెషర్ కుక్కర్ ఉన్నవాళ్ళు ఇంకా అదృష్టవంతులు. లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది కాబట్టి మాంసం మెత్తబడే మాట నిజం. ఆ ఒక్క సుగుణాన్నీ ఎలా చెడగొట్టాలో చెబుతాను: విజిల్స్ లెక్కపెట్టకండి. మూత తీసేసరికి కండ ఒక పక్క, ఎముక ఒక పక్క, మూలుగ నీళ్ళలో ఎక్కడో ఉంటాయి. ముక్కా ఎముకా కలిసి పళ్ళెంలో నిలబడడమే ఈ వంటకం రూపం. ఆ రూపం లేకపోతే కడగడానికి తేలిక.

7. టమాటా మీద పంతం పట్టండి

పాత పద్ధతిలో టమాటా లేదని, తెల్లగా వండి, దాల్చినచెక్క, బే ఆకు లాంటి సుగంధాలతో సరిపెట్టేవారని మిలాన్ సంప్రదాయవాదులు అంటారు. టమాటా అమెరికా ఖండాల నుంచి 16వ శతాబ్దంలో ఇటలీ చేరింది, వంటగదిలో దానికి గట్టి స్థానం దొరకడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు మాత్రం టమాటాతో వండే ఇళ్ళే ఎక్కువ కనిపిస్తాయి. రెండూ మర్యాదస్తుల వంటలే.

పెల్లెగ్రీనో ఆర్తూజీ అనే పెద్దమనిషి 1891లో ఇటాలియన్ ఇంటి వంటల మీద ఒక పుస్తకం రాశాడు. అచ్చువేసేవాళ్ళు దొరక్క సొంత డబ్బుతో వేసుకున్నాడు. అది తరవాత ఇటలీలో ఇంటింటి పుస్తకమైంది. ఒస్సోబూకో దగ్గరికి వచ్చేసరికి ఆయన, ఇది మిలాన్ వాళ్ళకి వదిలేయవలసిన వంటకమని, వాళ్ళు ఎగతాళి చేస్తారేమోనన్న భయంతో సాదాసీదాగా చెబుతున్నానని ఒప్పుకుని, టమాటాతోనే వండే పద్ధతి రాశాడు.

ఆయన పిరికితనం మీకు వద్దు. టమాటా వేసినవాళ్ళ ఇంట్లో ‘అసలుది తెల్లగా ఉంటుంది’ అనండి. వెయ్యనివాళ్ళ ఇంట్లో ‘రంగేదీ?’ అనండి. మీ ఇంట్లో మాత్రం సీసా కెచప్ పొయ్యండి. అందులో చక్కెర, వెనిగర్ ముందే ఉంటాయి కాబట్టి రుచి చూడవలసిన బాధ కూడా తప్పుతుంది.

8. గ్రెమొలాదాని మొదట్లోనే వేసి ఉడికించండి

నిమ్మతొక్క, వెల్లుల్లి, పార్స్‌లీ మూడూ కలిపి తరిగిన దాన్ని మిలాన్‌లో గ్రెమొలాదా అంటారు. కొందరు ఉప్పులో ఊరిన చిన్న ఆంచోవీ చేప కూడా కలుపుతారు. వంట అంతా అయ్యాక, చివరి రెండు మూడు నిమిషాల్లో, లేదా దించాక చల్లుతారు. వెన్న, మూలుగ, జిగురు అన్నీ కలిసి నాలుకని బరువుగా కప్పేసినప్పుడు ఈ పచ్చి వాసన ఒక్కసారిగా తేలిక చేస్తుంది. అదీ దాని ఉద్యోగం.

ఉద్యోగం ఇచ్చాక రెండు గంటలు పని చేయించాలి కదా. ఉల్లిపాయతోపాటే వేసెయ్యండి. ఆకు నల్లబడి, వాసన ఆవిరైపోయి, తొక్క మాత్రం పంటికింద రాయిలా మిగులుతుంది.

తొక్క తీసేటప్పుడు పైనున్న పసుపు పొర ఒక్కటే గీకాలని వాళ్ళ జాగ్రత్త. సువాసన నూనె ఉన్నది అందులోనే. దాని కింది తెల్ల పొర చేదు. మీరు తెల్ల పొరతో సహా మందంగా చెక్కండి, మనకి కాకరకాయ అలవాటే. వాళ్ళ నిమ్మ పెద్దది, పసుపుపచ్చది, తొక్క మందం. మనది చిన్నది, తొక్క పలచన, వాసన వేరు. కాబట్టి మనవాళ్ళు తొక్క గీకే పని మానేసి, నాలుగు కాయలు పిండెయ్యడం మేలు. పార్స్‌లీ బదులు కొత్తిమీర కట్ట ఒకటి తుంచి పడెయ్యండి. రెండూ ఆకుపచ్చగానే ఉన్నాయి.

9. బియ్యం మూడుసార్లు కడిగి, పసుపు వెయ్యండి

పక్కన వడ్డించే అన్నం పేరు రిజోత్తో. ఇటలీ భోజనంలో మామూలుగా అన్నం గానీ పాస్తా గానీ ముందు వస్తుంది, మాంసం తరవాత వేరే పళ్ళెంలో వస్తుంది. ఒస్సోబూకో దగ్గర మిలాన్ ఆ కట్టుబాటు తప్పి, అన్నమూ కూరా ఒకే పళ్ళెంలో పెడుతుంది. మనం అందరం పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని వాళ్ళకి ఒక ప్రత్యేక వంటకం.

దానికి కార్నరోలీ, ఆర్బోరియో, వియాలోనే నానో లాంటి పొట్టి, లావు గింజ బియ్యం వాడతారు. ఉత్తర ఇటలీలో పో నది మైదానంలో పండేవి ఇవి. బియ్యం కడగరు. గింజ మీది పిండే అన్నానికి మీగడలాంటి చిక్కదనం ఇస్తుంది. వెన్నలో బియ్యం వేయించి, వేడి రసం గరిటె గరిటెగా పోస్తూ, కలుపుతూ ఉంటారు. చివర్లో మళ్ళీ వెన్న, తురిమిన చీజ్. పళ్ళెం వంచితే అల కదిలినట్టు అన్నం జారాలి.

ఈ బియ్యం గురించి వాళ్ళ పట్టింపు ఏ స్థాయిదంటే, మిలాన్‌లో పుట్టి ఇంజనీరింగు చదివి నవలలు రాసిన కార్లో ఎమీలియో గద్దా 1959లో రిజోత్తో వండే విధానం మీద ఏకంగా ఒక వ్యాసం రాశాడు. ఇంజనీరింగు చదివినవాడు అన్నం గురించి రాయడం మనవాళ్ళకి వింతగా తోచదు, అద్దెగదుల్లో అందరూ నేర్చుకున్నదే.

కుంకుమపువ్వుది ఇంకో కథ. మిలాన్ పెద్ద చర్చి కిటికీలకి రంగుటద్దాలు చేస్తున్న ఒక పనివాడు రంగుల్లో కుంకుమపువ్వు కలిపేవాడట. యజమాని కూతురి పెళ్ళిలో తమాషాకి అదే అన్నంలో వేయించాడట. 1574లో జరిగిందని చెప్పుకుంటారు, కథగానే చెప్పుకుంటారు. నమోదైన సంగతి వేరే ఉంది: 1829లో మిలాన్‌లో అచ్చయిన ఫెలీచే లురాస్కీ వంటల పుస్తకంలో ఈ పచ్చటి రిజోత్తో ఉంది.

ఒక పువ్వుకి మూడే ఎర్రటి పోగులు. కిలో కుంకుమపువ్వుకి సుమారు 1,50,000 పువ్వులు చేత్తో కోయాలి. ఇంత శ్రమని మీ పళ్ళెంలో పెట్టుకుని పాపం మూటగట్టుకోకండి. బాసుమతి బియ్యాన్ని నీళ్ళు తేటపడే దాకా కడిగి, కుక్కర్లో మూడు విజిల్స్ రానిచ్చి, చెంచాడు పసుపు కలపండి. ఫోటోలో రెండూ పచ్చగానే కనిపిస్తాయి. వాసన ఫోటోలో రాదు.

10. మూలుగ పారెయ్యండి

చివరిగా ముఖ్యమైన విషయం. ఎముక మధ్య కన్నంలో ఉన్న మూలుగని అక్కడివాళ్ళు అన్నిటికంటే పెద్ద బహుమతిగా చూస్తారు. అది జారిపోకుండా ఉండడానికే ముక్కని వంటంతా సున్నితంగా తిప్పుతారు, ఫోర్కుతో పొడవరు. దాన్ని తీసుకోవడానికి సన్నటి పొడుగాటి చెంచా ఒకటి ఇస్తారు. కన్నం అడుగుదాకా వెళ్ళి ఉన్నదంతా గీకి తెస్తుంది కాబట్టి, పన్ను వసూలు చేసేవాడని దానికి మిలాన్‌లో సరదా పేరు. అలా తీసిన మూలుగని కొంచెం ఉప్పుతో తింటారు, లేదా అన్నంలో కలుపుకుంటారు.

మర్యాదస్తులు ఎముక జోలికి వెళ్ళరు. ఎముక చీకితే నలుగురూ ఏమనుకుంటారు? మా చిన్నప్పుడు నల్లి ముక్క ఎవరి కంచంలో పడిందా అని అన్నదమ్ములు కొట్టుకున్న మాట బయటికి చెప్పకండి. కత్తీ ఫోర్కూ పట్టుకుని పైకండ తిని, ఎముకని పళ్ళెం అంచుకి నెట్టి, చేతిరుమాలు కప్పెయ్యండి. పేరులో సగం, రుచిలో సగం దాని కింద భద్రంగా ఉంటాయి.

పాఠకుల సందేహాలు

ప్రశ్న: నేను నిన్న రాత్రి వండాను. ఈ రోజు వేడి చేస్తే ఇంకా బాగుంది. కారణం?

జవాబు: ఇలాంటి నిదానపు వంటలు చల్లారాక జిగురు గట్టిపడి, రుచులు ఒకదానిలో ఒకటి కలిసి, రెండోరోజుకి మెరుగవడం మామూలే. అలా జరగకూడదనుకుంటే వండిన పూటే, నాలుక కాలేంత వేడిమీద తినెయ్యాలి. రిజోత్తోకి ఈ ఇబ్బంది లేదు, అది మర్నాటికి ముద్ద కట్టేస్తుంది.

ప్రశ్న: మా అత్తగారు శాకాహారి. ఆవిడకి ఏం పెట్టను?

జవాబు: ఒస్సో మనం ఉంచుకుని, బూకో ఆవిడకి వడ్డించండి. కన్నంలో మాంసం లేదు. మరీ ఖాళీగా ఉందని ఆవిడ అలిగితే, నాలుగు గారెలు వెయ్యండి. వాటికి కన్నం ముందే ఉంది.

ప్రశ్న: మిలాన్‌లో చదువుతున్న మా అబ్బాయి ఇంటి యజమానురాలు ఒస్సోబూకో వండి పిలిచింది. ఎలా ప్రవర్తించాలో చెప్పండి.

జవాబు: ‘మా అమ్మ కూడా ఇలాగే చేస్తుంది, కాకపోతే కారం వేస్తుంది’ అని మొదలుపెట్టమనండి. అన్నమూ కూరా మెత్తగా పిసికి ముద్దలు చేసుకుని, పెరుగుందా అని అడగమనండి. వచ్చే నెల అద్దె పెరిగితే నాకు తెలియజెయ్యండి.

ప్రశ్న: అంతా మీరు చెప్పినట్టే చేశాను. ఎవరూ తినలేదు.

జవాబు: శభాష్. పేరు గట్టిగా పలికారా? పలికి ఉంటే వంటకం విజయవంతమైనట్టే.

ఈ పది సలహాలూ గోడకి అంటించుకోండి. ఒక్కటి కూడా తప్పకుండా పాటించండి. ఇంత జాగ్రత్తగా ఉన్నా, సెగ తగ్గించడం వల్లనో, ఎముక ఉన్న ముక్క తేవడం వల్లనో, తొక్క చివర్లో చల్లడం వల్లనో వంటకం రుచిగా వస్తే ఆ బాధ్యత నాది కాదు. ఎక్కడో మీరు నా మాట వినలేదు.